అంగీ, లాగు, బూట్లు: బడి బట్టల మీద పాఠకుల ప్రశ్నలు

ఐదో తరగతి లోపు పిల్లలు బడికి ఏం వేసుకోవచ్చు, ఏం వేసుకోకూడదు అని వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు. ప్రాథమిక బడిలో పాఠం చెప్పేవాళ్లు, పిల్లల బట్టలు కుట్టేవాళ్లు, పిల్లల డాక్టర్లు కలిసి రాసినవి ఇవి.

ప్రశ్న: మా బాబు ఒకటో తరగతి, ప్రైవేటు బడి. ఫుల్ ప్యాంటు, దానికి హుక్కు, పైన బెల్టు, మెడకు టై. నెలలో మూడుసార్లు ప్యాంటు తడుపుకొని వచ్చాడు. ఇప్పుడు నీళ్ల సీసా పోసింది పోసినట్టే తిరిగి తెస్తున్నాడు. ఇంట్లో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. డాక్టరుకు చూపించాలా?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: మూత్రంలో మంట, జ్వరం, కడుపునొప్పి ఉంటే ఇవాళే చూపించండి. అవేవీ లేకుండా, ఇంట్లో నిక్కరు మీద ఉన్నప్పుడు బాగుండి, బడిలోనే తడుపుతున్నాడంటే ముందు అనుమానించాల్సింది ఆ ప్యాంటునే. ఆరేళ్ల పిల్లవాడు ఆటలో పడి చివరి నిమిషం దాకా ఆపుకుంటాడు. అప్పుడు బెల్టు వదులు చేయాలి, హుక్కు తప్పించాలి, జిప్ దించాలి. మూడు పనులు, రెండు చిన్న చేతులు. ఒకసారి తడిసి తోటిపిల్లలు నవ్వితే, ఇక నీళ్లు తాగకపోవడమే మేలని వాడు తేల్చుకుంటాడు. అలా నీళ్లు మానేసి, ఆపుకుంటూ పోతేనే మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తాయి. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ప్యాంటుకు ఎలాస్టిక్ వేయించండి. అయితే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సరిగ్గా నడుము కొలతకు ఉన్న ప్యాంటుకే వెనక ఎలాస్టిక్ కుట్టిస్తారు. దాంతో ఏ లాభమూ ఉండదు. ఆరేళ్ల బాబుకు నడుము 22 అంగుళాలు ఉంటే తుంటి 24 దాకా ఉంటుంది. నడుము పట్టీ 22 దగ్గరే ఆగిపోతే తుంటి దాటి కిందికి దిగదు, మళ్లీ హుక్కు తీయాల్సిందే. పట్టీ 26 అంగుళాలు వచ్చే ప్యాంటు తీసుకోండి, లేదా అలా కుట్టించండి. పట్టీలో వెనక సగం, అంటే 13 అంగుళాల మేర, లోపలి కుట్టు రెండు పక్కలా కొద్దిగా విప్పి, అంగుళం వెడల్పున్న ఎలాస్టిక్ 8 అంగుళాల ముక్కను దూర్చాలి. రెండు కొసలూ పక్క కుట్ల దగ్గర అడ్డంగా, నిలువుగా రెండేసి సార్లు గట్టిగా కుట్టాలి. వదిలేస్తే పట్టీ 21 దగ్గర నిలుస్తుంది, లాగితే తుంటి దాటుతుంది. ముందువైపు చదునుగానే ఉంటుంది కాబట్టి అంగీ లోపలికి దోపినా చూడటానికి తేడా తెలియదు. హుక్కును లోపలి నుంచి కుట్టేయండి. బెల్టు తప్పనిసరి అని బడి అంటే, వెనక ఎలాస్టిక్ ఉండి ముందు అతికే పట్టీ ఉన్న బెల్టు కొనండి.

జిప్ ఉన్న ప్యాంటు కింద చెడ్డీ లేకుండా పంపొద్దు. చర్మం జిప్‌లో ఇరుక్కున్న పిల్లలు ఆసుపత్రికి వస్తూనే ఉంటారు. అలా జరిగితే జిప్‌ను పైకీ కిందికీ లాగకండి. కొబ్బరినూనె బాగా రాసి, లాగు ఊగకుండా చేత్తో పట్టుకొని తీసుకెళ్లండి.

టై సంగతి. మెడ చుట్టూ ముడి వేసే టై ఈ వయసుకు వద్దు. జారుడుబల్లకో, బస్సు తలుపుకో చిక్కితే బిగుసుకుంటుంది. కాలర్‌కు తగిలించే క్లిప్ టై గానీ, లాగితే ఊడివచ్చే ఎలాస్టిక్ టై గానీ చాలు. మెడలో వేసే గుర్తింపు కార్డు తాడుకూ అదే లెక్క: వెనక మెడ దగ్గర, లాగితే విడిపోయే క్లిప్ ఉండాలి. లేకపోతే కార్డును జేబుకు పెట్టించండి.

వారం రోజులు ఇంట్లో, ఖాళీ కడుపుతో తొందరలో ఉన్నప్పుడు కాదు, సాయంత్రం తీరికగా బడి ప్యాంటు వేయించి, తనంతట తానే విప్పుకొని మళ్లీ వేసుకునేలా అలవాటు చేయించండి. మీరు చెయ్యి వేయకూడదు. బ్యాగులో ఒక చెడ్డీ, ఒక లాగు కవరులో పెట్టి, ఎక్కడుందో వాడికీ టీచరుకూ చూపించండి. రెండో పీరియడ్ తర్వాత ఒకసారి, అన్నం ముందు ఒకసారి పంపమని టీచరును అడగండి. అడిగినప్పుడే పంపడం కన్నా వేళకు పంపడం ఈ వయసుకు బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: మా ఇద్దరు పిల్లలది సర్కారు బడి. యూనిఫాం వచ్చింది కానీ పెద్దోడికి చంకల్లో పట్టేసింది, చిన్నదానికి గౌను మోకాలి కిందికి జారింది. తిరిగి ఇయ్యాల్నా? పాతయి ఏసి పంపితే ఏమన్నా అంటరా?
– ములుగు జిల్లా నుంచి ఒక తండ్రి

జవాబు: అనకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బట్టలు సరిగా లేవని ఇంటికి తరమడం, గేటు దగ్గర నిలబెట్టడం, ప్రార్థనలో అందరి ముందు వేలెత్తి చూపడం ఏ టీచరూ చేయాల్సిన పనులు కావు. సర్కారు బడి యూనిఫాం పిల్లలకు హక్కుగా వచ్చేది. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఏడాదికి ఒక్కొక్కరికి సగటున 600 రూపాయల లెక్కన రెండు జతలు ఇస్తారు. మన దగ్గర కుట్టుపని ఎక్కువగా మహిళా సంఘాల వాళ్లదే. అందుకే తిరిగి ఇవ్వడం కన్నా, కుట్టిన అక్కలతో హెచ్‌ఎం ద్వారా మాట్లాడి సరి చేయించుకోవడం తేలిక. వచ్చిన వారంలోపే చెప్పండి. ఉతికాక అడిగితే బట్ట ముడుచుకుందో, కొలత తప్పిందో తేల్చడం కష్టం.

పెద్దోడి అంగీ: ముందు చంక నుంచి నడుము దాకా పక్క కుట్టును తిప్పి చూడండి. లోపల అర అంగుళం కన్నా ఎక్కువ బట్ట ఉంటే విప్పి వదులు చేయొచ్చు. రెండు పక్కలా పావు అంగుళం చొప్పున వదిలినా మొత్తం చుట్టుకొలత అంగుళం పెరుగుతుంది, ఎందుకంటే ప్రతి పక్కా ముందు ముక్క, వెనక ముక్క రెండూ వదులవుతాయి. లోపల బట్ట లేకపోతే చంకలో రెండున్నర అంగుళాల చదరపు ముక్కను మూలల మీద నిలబెట్టి వేయాలి. బట్ట దొరకకపోతే అంగీ కింది మడత నుంచి తీయొచ్చు, అది ఎలాగూ లాగులోకి పోతుంది. చంక పట్టేసిన అంగీని సాగుతుందిలే అని వదిలేయకండి. చెమట ఆరక అక్కడ ఒరుసుకొని మండుతుంది, వానాకాలంలో తామర మొదలయ్యేది ఇలాంటి చోటే.

చిన్నదాని గౌను పొడవుంటే మంచిదే, కత్తిరించకండి. లోపలికి మడిచి చేత్తో వేసే పెద్ద కుట్టు వేయండి, మెషీను కుట్టు వద్దు, విప్పినప్పుడు గుర్తు మిగులుతుంది. ఐదేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. అందులో సగం దాకా కాళ్లలోనే. కాబట్టి రెండంగుళాల మడత ఉంచితే రెండేళ్లు వస్తుంది. ఏటా మడత విప్పినప్పుడు పాత గీత తెల్లగా కనిపిస్తుంది. దాని మీద అదే రంగు లేసు వేయిస్తే సరి.

కొత్త బట్ట ఏదైనా సరే, వేయించి, సక్లముక్లం పెట్టి కూర్చోబెట్టండి, తర్వాత గొంతు కూర్చోమనండి, రెండు చేతులూ పైకెత్తమనండి. మన పిల్లలు నేల మీద కూర్చుని చదువుతారు, నేల మీదే అన్నం తింటారు. నిలబెట్టి అద్దంలో చూస్తే తెలియని తప్పులన్నీ ఈ మూడింట్లో తెలుస్తాయి. లాగు సీటు దగ్గర పట్టేస్తే మొదటి నెలలోనే చిరుగుతుంది.

ప్రశ్న: రెండో తరగతి పాప. గౌను కింద పొట్టి లెగ్గింగ్ వేస్తే బడిలో తీసేయమంటున్నారు. రంగు వేరట.
– భూపాలపల్లి

జవాబు: లోపల వేసుకునే దానికి రంగు నియమం పెట్టడంలో అర్థం లేదు. అది వేసుకుంటేనే పాప దుమికి, తలకిందులై ఆడుతుంది. గౌను అంచు కన్నా రెండంగుళాలు పైన ఆగే నల్ల కాటన్ చెడ్డీ కొనండి, బయటికి కనిపించదు, మాటా రాదు. వానాకాలంలో పాదాల దాకా ఉన్నదే మంచిది: డెంగీ దోమ పగలు కుడుతుంది, కుట్టేది ఎక్కువగా కాళ్ల మీదే. ఈ ఒక్క కారణం టీచరుకు చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

ప్రశ్న: బడివాళ్లు చెప్పిన ఒకే షాపులో కొనాలంటున్నారు. అంగీ బట్ట ప్లాస్టిక్ లాగుంది, పిల్లవాడి వీపంతా చెమటకాయలు. బయట కుట్టించుకోవచ్చా? బట్ట ఎంత పడుతుంది?
– కరీంనగర్

జవాబు: కుట్టించుకోవచ్చు. యూనిఫాం అంటే రంగు, గీతలు, కత్తిరింపు ఒకటే ఉండటం, షాపు ఒకటే ఉండటం కాదు. బడి ఒత్తిడి చేస్తే నోటిమాటతో కాకుండా కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. ఆ కాగితంతో, లేదా అడిగినట్టు మీరు రాసుకున్న అర్జీతో ముందు మండల విద్యాధికారి దగ్గరికి, పని కాకపోతే జిల్లా విద్యాధికారి (డీఈఓ) దగ్గరికి వెళ్లండి. పది మంది తల్లిదండ్రులు కలిసి సంతకాలు పెడితే మీ బాబు ఒక్కడి పేరు పైకి రాదు.

బట్ట పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు, పెద్దవాళ్లే చేయాలి. కుట్టు లోపలి నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకొని, కింద నీళ్ల పళ్లెం పెట్టి అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి నల్లటి గట్టి పూస మిగులుతుంది. రెండూ కలిసిన బట్టకు బూడిదలో గరుకు పలుకులు తగులుతాయి. యూనిఫాం బట్టల్లో పాలిస్టర్ 65, కాటన్ 35 పాళ్లు మామూలు. మన ఎండలకు కాటన్ ఎంత ఎక్కువుంటే వీపుకు అంత హాయి. అయితే నూరు పాళ్లు కాటన్ కొంటే కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకుంటే మొదటి ఉతుకులోనే పొడవు తగ్గుతుంది, దర్జీని తిట్టి లాభం లేదు.

ఏడేళ్ల బాబుకు పొట్టి చేతుల అంగీకి 36 అంగుళాల పన్నా (వెడల్పు) బట్ట మీటరుంబావు, నిక్కరుకు 58 పన్నా బట్ట 60 సెంటీమీటర్లు, ఫుల్ ప్యాంటుకు 90 సెంటీమీటర్లు తీసుకోండి. చెక్స్ బట్టయితే గీతలు కలపడానికి ఇంకో పావు మీటరు. పాత యూనిఫాం ముక్క తీసుకెళ్లి షాపు బయట, పగటి వెలుతురులో పక్కన పెట్టి చూడండి. ట్యూబులైటు కింద కలిసిన రంగు బడి ఆవరణలో కలవదు. రెండు జతలకూ ఒకే తాను నుంచి ఒకేసారి కోయించండి, తాను మారితే రంగు కొద్దిగా మారుతుంది.

ప్రస్తుతం ఉన్న అంగీని వదులుకోలేకపోతే లోపల చేతుల్లేని తెల్ల కాటన్ బనియన్ వేయండి. చెమటను అది పీలుస్తుంది. వీపుకు పౌడరు దట్టంగా చల్లడం మాత్రం మానండి, చెమటతో కలిసి ముద్దయి స్వేదరంధ్రాలను ఇంకా మూస్తుంది.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిని. హనుమాన్ మాల వేసుకున్న పిల్లవాడు కాషాయ బట్టల్లో, చెప్పులు లేకుండా వస్తాడు. బతుకమ్మ ముందు ఆడపిల్లలు చేతుల నిండా మైదాకు, గాజులు. ఒకరికి ఒప్పుకుంటే ఇంకొకరికి కాదనలేను. నియమం ఎక్కడ గీయాలి?
– జనగామ జిల్లా

జవాబు: గీత మతం దగ్గర, పండుగ దగ్గర గీయకండి. దెబ్బ తగిలేది ఏది, తగలనిది ఏది అని గీయండి. అప్పుడు అందరికీ ఒకటే నియమం అవుతుంది, మీకు సంజాయిషీ చెప్పుకునే బాధ తప్పుతుంది. 2023 ఆగస్టులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాలకు లేఖ రాస్తూ, పండుగలకు రాఖీ, బొట్టు, మైదాకుతో వచ్చిన పిల్లలను బడుల్లో శిక్షించకుండా చూడమని కోరింది. ఆ లేఖ సంగతి సిబ్బంది సమావేశంలో చెప్పండి.

మైదాకు ఆకు రుబ్బి పెట్టినదైతే పది, పదిహేను రోజుల్లో దానంతటదే పోతుంది, పట్టించుకోవద్దు. జాతరల్లో, అంగళ్లలో గంటలోనే నల్లగా పండుతుందని పెట్టే నల్ల మైదాకు వేరు. దాంట్లో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం ఉంటుంది. పిల్లల చర్మం బొబ్బలెక్కుతుంది, ఒకసారి పడకపోతే ఆ అలర్జీ జీవితాంతం ఉంటుంది. అసలు ఆకు ఎర్రగానో, నారింజగానో పండుతుంది గానీ నల్లగా పండదు. తల్లుల సమావేశంలో ఈ ముక్క తప్పక చెప్పండి, చాలామందికి తెలియదు. చేతుల మీద బొబ్బలు కనిపిస్తే గిల్లనివ్వకుండా డాక్టరుకు పంపండి.

గాజు గాజులు ఆటల రోజు వద్దనండి. పగిలితే మణికట్టులో గుచ్చుకుంటాయి. ప్లాస్టిక్‌వి, దారం గాజులు పర్వాలేదు. జడలో పూలు పెట్టుకోవచ్చు, గుచ్చుకునే పిన్నులు వద్దు. స్కార్ఫ్ కట్టుకునే పాపకూ ఇదే మాట వర్తిస్తుంది: గడ్డం కింద పిన్ను పెట్టేది కాకుండా టోపీలా తలకు తొడుక్కునే రకమైతే ఆటలో ఇబ్బంది ఉండదు.

మాల వేసుకున్న పిల్లవాడి విషయంలో బట్టల రంగు అసలు సమస్యే కాదు. దీక్ష 41 రోజులైతే 41 రోజులు ఆ రంగు వేసుకోనివ్వండి. ఆలోచించాల్సింది పాదాల గురించి. కొండగట్టు చిన్న జయంతి చైత్ర పౌర్ణమికి వస్తుంది. అంటే దీక్ష చివరి రోజులు ఒంటిపూట బడుల రోజుల్లో పడతాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకు బడి వదిలితే తారు రోడ్డు మీద, సిమెంటు ఆవరణ మీద ఆ పాదాలు బొబ్బలెక్కుతాయి. ప్రార్థన చెట్టు నీడలో పెట్టండి, ఆ పిల్లవాడిని ఎండలో వరుసలో నిలబెట్టకండి, ఇంటివాళ్లను వచ్చి బండి మీద తీసుకుపొమ్మనండి. పిల్లల వరకు చెప్పులకు సడలింపు ఇవ్వమని గురుస్వామిని అడగడంలో తప్పు లేదని తండ్రికి నెమ్మదిగా చెప్పండి. పిల్లవాడితో మాత్రం ఈ సంగతి మాట్లాడకండి. దీక్ష తప్పాననే భయం వాడి మీద పడుతుంది.

ప్రశ్న: బంగారు కమ్మలు, కాళ్లకు పట్టగొలుసులు, మెడలో దిష్టి దారం ఉన్నాయి మా పాపకు. టీచర్ తీయమంటుంది, అత్తమ్మ తీయొద్దంటుంది.
– మంచిర్యాల

జవాబు: కమ్మలు ఉంచండి, వేలాడేవి కాకుండా చెవికి అతుక్కునే చిన్న దిద్దులు, వెనక మర తిప్పేవి. చెవులు కుట్టించి ఆరు వారాలు కాకుంటే అసలు తీయకూడదు, రంధ్రం పూడుతుంది. టీచరుకు ఈ మాట రాసి పంపండి. జుంకాలు, రింగులు మాత్రం బడికి వద్దు. తోటిపిల్లల వేలు ఇరుక్కుంటే చెవి తమ్మె చీలుతుంది. బంగారం పోతే బడిని అడగడమూ న్యాయం కాదు.

పట్టగొలుసులు మువ్వలు లేనివైతే, కాలికి వేలు దూరనంత దగ్గరగా ఉంటే పర్వాలేదు. వదులుగా ఉన్నవి సాక్సులో చిక్కుతాయి, మెట్ల దగ్గర రెండో కాలికి తగులుతాయి. ఉంగరం వేయకండి. వేలు వాస్తే సబ్బునీళ్లతో తీయాల్సి వస్తుంది, రాకపోతే కోయాల్సి వస్తుంది.

దిష్టి దారం గురించి అత్తమ్మ మాట కాదనక్కర్లేదు, చోటు మార్చండి. మెడలో ఉన్నది ఊయలకో, కిటికీ కొక్కేనికో తగిలితే ఉరి పడుతుంది. నడుముకు మొలతాడుగానో, మణికట్టుకో కట్టండి. మెడలోనే ఉండాలని పట్టుబడితే నాలుగు పేటల దారం కాకుండా మామూలు కుట్టుదారం ఒంటిపోగు. మీరే గట్టిగా లాగి చూడండి, తెగాలి.

ప్రశ్న: వానాకాలం బూట్లు ఎండవు. పాప వేళ్ల సందులు తెల్లగా నాని పుండవుతున్నాయి. చెప్పులు వేసి పంపితే ఒప్పుకోరు. సైజు కూడా ఏటా పెద్దది కొంటున్నాం, మడమ ఒరుసుకుపోతోంది.
– వరంగల్

జవాబు: సైజుతో మొదలుపెడదాం, ఎందుకంటే మడమ పుండుకు కారణం అదే. రెండు సైజులు పెద్దది కొంటే పాదం లోపల ముందుకీ వెనక్కీ జారుతుంది, మడమ రాపిడి అవుతుంది, పరుగులో బోర్లా పడతారు. కొలత సాయంత్రం తీసుకోండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది. గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టి, అన్నిటికన్నా పొడవైన వేలి కొస దగ్గర గీత పెట్టండి. రెండు పాదాలూ కొలవండి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. దానికి ఒక సెంటీమీటరు కలిపి, అంత పొడవున అట్టముక్క కత్తిరించి షాపుకు తీసుకెళ్లండి. అట్ట బూటు లోపల వంగకుండా పట్టాలి, కొసన ఖాళీ మిగలకూడదు. కంపెనీకో సైజు నంబరు ఉంటుంది కాబట్టి నంబరును నమ్మకండి. ఈ వయసులో పాదం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నెలలకోసారి అదే అట్టతో చూసుకోండి.

తడిసిన బూటును పొయ్యి పక్కన, ఎర్రటి ఎండలో పెట్టకండి, జిగురు ఊడి అడుగు లేస్తుంది. లోపలి అట్టను బయటికి తీసి విడిగా ఆరేయండి. బూటులో పాత దినపత్రిక ఉండలు కుక్కి, రెండు గంటలకు మార్చి, రాత్రంతా ఫ్యాను కింద పక్కకు వాల్చి ఉంచండి. కాన్వాస్ బూట్లకు తెల్లరంగు పూయడం పూర్తిగా ఆరాకే. తడి మీద పూస్తే పెచ్చులు లేస్తుంది. వానాకాలానికి సాక్సులు నాలుగు జతలైనా ఉండాలి, కాటన్ ఎక్కువున్నవి. ఒక జత బ్యాగులో పెట్టి, బడికి చేరగానే మార్చుకోమనండి. రోజూ కాళ్లు కడిగాక వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడవాలి. ఇప్పటికే పుండైంది కాబట్టి డాక్టరు రాసిన ఫంగస్ మందు, పుండు తగ్గినా చెప్పినన్ని రోజులు వాడాలి. మెడికల్ షాపులో ఇచ్చే స్టీరాయిడ్ కలిసిన క్రీములు వద్దు. రెండు రోజులు తగ్గినట్టుండి మళ్లీ ముదురుతుంది.

వాన రోజుల్లో వెనక పట్టీ ఉన్న శాండిల్స్‌కు అనుమతి అడగండి, ఆ చీటీ డాక్టరుతో రాయించండి. హవాయి చెప్పులు మాత్రం వద్దు, బురదలో జారతాయి. ఊళ్లలో ఉండేవాళ్లు పొద్దున బూటును బోర్లించి రెండుసార్లు నేలకు కొట్టాకే తొడగాలి. వానల్లో తేళ్లు పొడిచోటు వెతుక్కుంటూ బూట్లలో దూరుతాయి.

ప్రశ్న: పుట్టినరోజుకు రంగు డ్రెస్ వేయొచ్చా?
– పెద్దపల్లి

జవాబు: బడి ఒప్పుకుంటే వేయండి. చమ్కీలు, అద్దాలు, గరుకు నెట్ ఉన్నది వద్దు. మెడకూ చంకలకూ గీరుకుంటుంది, మధ్యాహ్నానికి పాప ఏడుస్తుంది.

ప్రశ్న: మా దగ్గర డిసెంబరు చలి చాలా ఎక్కువ. పిల్లలు చలిమంట దగ్గర కూర్చుని అట్లే బడికి పోతరు. స్వెట్టర్ రంగు కలవలేదని బయట విప్పిస్తున్నరు.
– ఆదిలాబాద్ జిల్లా

జవాబు: గది లోపల ప్రార్థన అయ్యేదాకా, ఎండ వచ్చేదాకా ఏ రంగు స్వెట్టరైనా ఉంచుకోనివ్వాలి. హెచ్‌ఎంకు ఈ పత్రిక పేజీ చూపించినా సరే. ఆస్తమా ఉన్న పిల్లలకు చలిగాలిలో స్వెట్టర్ విప్పించడం ప్రమాదం. ఒక మందపాటి దానికన్నా కాటన్ బనియన్, అంగీ, పల్చటి స్వెట్టర్ అని మూడు పొరలుగా వేయండి, ఎండ ఎక్కాక ఒక్కటి విప్పితే సరిపోతుంది. స్వెట్టర్ టోపీకి నాడా ఉంటే లాగేసి పారేయండి, టోపీ పడిపోకుండా రెండు కుట్లు వేయండి. మెడ చుట్టూ మఫ్లర్ బదులు మంకీ క్యాప్ మంచిది.

చలిమంటే ఎక్కువ భయం. ఇప్పుడు అంగట్లో దొరికే స్వెట్టర్లలో చాలావరకు ఉన్ని కాదు, అక్రిలిక్. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. పాలిస్టర్ గౌనూ అంతే, కింది అంచుకు అంటుకుంటే క్షణాల్లో పైకి పాకుతుంది. పిల్లలు మంటకు నాలుగడుగుల దూరంలో, గాలి వచ్చే వైపు కూర్చోవాలి, గౌను అంచు మోకాళ్ల కింద నొక్కుకోవాలి. బట్ట అంటుకుంటే పరుగెత్తనివ్వకుండా నేల మీద పడుకోబెట్టి దొర్లించి, నూలు దుప్పటి కప్పండి. ఆరాక మామూలు చల్లనీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. చర్మానికి అంటుకున్న బట్టను పీకొద్దు, దాని చుట్టూ కత్తిరించి వదిలేయండి. పేస్టు, సిరా, పసుపు ఏదీ పూయకుండా శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి.